ఎనిమిదంగుళాల జేబు

నేను ఒక జేబుని. చొక్కాకి ఎడమవైపు, గుండె మీద కుట్టే మామూలు జేబుని. పుట్టినప్పుడు నా లోతు ఐదంగుళాలు, వెడల్పు నాలుగున్నర. ఆ కొలత ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఒక పెన్ను, మడిచిన కాగితం, బస్సు టికెట్టు పడితే మగవాడికి చాలని ఎప్పుడో ఎవరో అనుకుని ఉంటారు. ఆ తర్వాత మనుషులు చొక్కా కాలరుని ఏడాదికో రకంగా మార్చారు, చేతులు వదులు చేశారు, బిగించారు, బొత్తాలకి రంగులు మార్చారు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత అట్టముక్కే పెట్టి గీసి కత్తిరించారు.

నన్ను మొదట తొడుక్కున్నది ఒక లెక్కల మాస్టారు. మంచి మనిషి. నాలో రెండు పెన్నులు పెట్టేవారు, ఎర్రదొకటి, నీలందొకటి. ఒక ఎండాకాలం నీలం పెన్ను కక్కేసింది. మాస్టారి భార్య ఆ మరకని నిమ్మకాయతో రుద్దింది, పాలతో రుద్దింది, చివరికి విసుగొచ్చి చొక్కాని స్టీలు గిన్నెలావిడకి ఇచ్చేసింది. బదులుగా ఒక చిన్న టీ గిన్నె వచ్చింది. నా విలువ ఎంతో నాకు ఆ రోజే తెలిసింది.

అక్కణ్ణుంచి పాతబట్టల గుట్టలోకి, గుట్టలోంచి ఏసోబు ఒంటి మీదికి వచ్చాను. ఏసోబు బెజవాడలో అపార్ట్‌మెంట్లకి బయటి గోడలకి రంగులేసే మనిషి. డాబా మీంచి రెండు తాళ్లు వేలాడదీసి, వాటికో పలక కట్టి, దాని మీద కూర్చుని పై అంతస్తు నుంచి కిందికి దిగుతూ రంగు వేస్తాడు. ఆ పలకని వాళ్లు ఝూలా అంటారు. ఒక చేత్తో రోలరు, ఇంకో చేత్తో తాడు. మరకలున్న చొక్కా అతనికి అడ్డం కాదు. వారం తిరిగేసరికి నా నీలం మరక పక్కన పసుపు, గోధుమరంగు, ఇటుకరంగు చేరాయి.

గాలిలో వేలాడేవాడికి ఫోను దేనికని మీరడగొచ్చు. డాబా మీద తాడు వదిలే మనిషి ఒకడుంటాడు. కింద రోడ్డు రొదలో ఇతని కేక అతనికి వినపడదు. "రెండు మూరలు దించు" అన్నా, "ఆపు" అన్నా ఫోనులో చెప్పాల్సిందే. పైగా పని చేయించే గంగాధరం మేస్త్రి ప్రతి గోడకీ రంగు పడకముందు ఒకటి, పడ్డాక ఒకటి ఫొటో పంపమంటాడు. ఏసోబు దగ్గర అరచేతిలో ఇమిడిపోయే చిన్న స్మార్ట్‌ఫోను ఉండేది. అది నాలో నిలువునా మునిగి కూర్చునేది. వాడి వాడి ఒక రోజు దాని తెర నల్లబడిపోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి, దీనికి తెరలు రావడం ఎప్పుడో మానేశాయన్నాడు.

ఏసోబూ, అతని భార్య సలోమీ గవర్నరుపేటలో ఆరు షాపులు తిరిగారు. నేనూ వెళ్లాను, చొక్కాతోపాటు. ప్రతి షాపులో అద్దాల బల్ల మీద పలకల్లాంటి పెద్ద ఫోన్లే పరిచారు.

"ఇంతకన్నా చిన్నది లేదా అండీ?" అని అడిగింది సలోమి.

"రావట్లేదమ్మా. అందరూ పెద్దవే అడుగుతున్నారు."

"మేం అడగట్లేదుగా!"

"అలవాటైపోద్దమ్మా. సినిమా చూస్తే ఎంత బాగుంటుందో తెలుసా?"

"ఈయన గోడకి వేలాడేది సినిమా చూడ్డానికి కాదండీ," అంది సలోమి. షాపాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒక ఫోను తీసి నాలో పెట్టి చూసింది. మూడో వంతు బయటికి వచ్చి, ఏసోబు గడ్డం వైపు తొంగి చూసింది. ఆరో షాపులోనూ అంతే. గతిలేక దాన్నే కొన్నారు.

పద్దెనిమిది రోజులు నేను దాన్ని మోశాను. అతను వంగినప్పుడల్లా అది జారబోయేది. అతను గడ్డంతో నొక్కి ఆపేవాడు. తీసినా ఒక చేత్తో పట్టు కుదరదు. బొటనవేలు ఈ చివర ఉంటే నొక్కాల్సిన బొమ్మ ఆ చివర ఉండేది. రెండో చెయ్యి కావాలంటే తాడు వదలాలి. అందుకని ముక్కుతో నొక్కడం నేర్చుకున్నాడు.

పంతొమ్మిదో రోజు, ఐదో అంతస్తులో, కిటికీ కింద సందులో రంగు అందడం కోసం ఏసోబు బాగా ముందుకి వంగాడు. నేను శాయశక్తులా పట్టుకున్నాను. ఐదంగుళాల గుడ్డ ఎంతకని పట్టుకుంటుంది? ఫోను జారిపోయింది. కింద వాచ్‌మన్ భార్య తిరపతమ్మ గోడ నీడలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది. అది ఆమె మోకాలికి జానెడు దూరంలో సిమెంటు మీద పడి ముక్కలైంది. ఆమె ఒళ్లో చేట అలాగే పెట్టుకుని, పైకి చూస్తూ ఉండిపోయింది. ఏసోబు కిందికి దిగి వచ్చి ఆమె చుట్టూ పడ్డ ముక్కలు ఏరాడు.

మేస్త్రి ఆ సాయంత్రమే తేల్చేశాడు. "ఫోను పట్టుకుని పైకెక్కడానికి వీల్లేదు. ఫోను లేకుండా పైన పని జరగదు. కాబట్టి నువ్వు కిందే ఉండు."

పదిహేనేళ్లు గాలిలో తిరిగిన మనిషిని మెట్లదారిలో కూర్చోబెట్టి గోడ నునుపుకి పూసిన లప్పం గీకమన్నారు. ఏసోబు ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయేవాడు. మూడో రోజు సలోమి అడిగితే ఒక్క మాటన్నాడు. "ఆవిడ నెత్తిన పడుంటే? మేస్త్రి అన్నదాంట్లో తప్పేముంది?"

"తప్పు నీది కూడా కాదయ్యా," అంది సలోమి. వంకీకి వేలాడుతున్న చొక్కాని తీసి, నాలో వేళ్లు పెట్టి, అడుగు తగలగానే మొహం చిట్లించింది. "ఇదేం జేబు? ఇందులో అగ్గిపెట్టె తప్ప ఏం పడుతుంది? చొక్కా ఇక్కడ పెట్టి పో. నేను చూస్తా."

సలోమి జాకెట్లు కుట్టే మనిషి. వాళ్ల గది ముందు వరండాలోనే మిషను. ఆ వీధిలో ఏ ఆడమనిషి భుజం ఎంతో ఆమెకి టేపు లేకుండా తెలుసు. మగవాళ్ల చొక్కా మీద మాత్రం అంతవరకూ చెయ్యి పెట్టలేదు. ఆ సంగతి ఏసోబు గుర్తుచేస్తే, "జాకెట్టు కుదిర్చినదానికి జేబు ఒక లెక్కా?" అని బ్లేడు తీసింది.

కుట్లు ఒక్కొక్కటే తెగుతుంటే నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. చేతకాని జేబుగా బతికేకంటే విప్పేసినా మేలే అనుకుని ఊరుకున్నాను. నాకింద ముతక గుడ్డ అతికి ఎనిమిదంగుళాలు చేసింది. మళ్లీ గుండె మీదే పెట్టింది. ఏసోబు వంగితే, ఫోను కొలతకి కత్తిరించి పెట్టిన అట్టముక్క అంచు డొక్కలో పొడుచుకుంది. విప్పింది. ప్యాంటు పక్కకి కుట్టింది. పలక మీద కూర్చుంటే తొడకీ పలకకీ మధ్య ఫోను నలిగిపోతుందన్నాడతను. మళ్లీ విప్పింది. చివరికి ఎడమ చంక కింద, పక్కటెముకల మీద, మూతి కొంచెం ముందుకి వాలేలా ఏటవాలుగా కుట్టింది. అక్కడ నేను దేనికీ అడ్డం కాలేదు.

పడిపోకుండా చెయ్యడం మిగిలింది. ఉన్న ఒక్క ఫోనూ పగిలిపోయింది కాబట్టి, దాని అట్టపెట్టె కొలతకి నేలకి పరిచే టైలు ముక్కలు కోయించి తెచ్చింది. మొగుడి చొక్కా తనే తొడుక్కుని, నాలో టైలు ముక్క పెట్టుకుని, మంచం మీంచి తల కిందికి వేలాడేసింది. టైలు పడి పగిలింది. పక్కింటావిడ ఉప్పు కోసం వచ్చి, ఆ దృశ్యం చూసి, ఉప్పు అడక్కుండానే వెళ్లిపోయింది.

మూతకి టిచ్ బటన్లు పెట్టింది. ఊడలేదు, నిజమే. కానీ తియ్యడానికి రెండు చేతులు కావాల్సొచ్చాయి. చెప్పులకుండేలాంటి అంటుకునే పట్టీ వేసింది. రెండు రోజుల లప్పం దుమ్ముకి అది అంటుకోవడం మానేసింది. నాలుగో టైలు కూడా పగిలిన రోజు ఏసోబు, "వదిలెయ్ సలోమీ. కింద పని మాత్రం పని కాదా?" అన్నాడు.

"నీకిష్టమై కింద ఉంటే ఉండు, నేనేమీ అనను. ఫోను పెద్దదైందని నువ్వు కిందికి దిగడమేంటి? తయారు చేసేవాడు మన చొక్కా చూసి చేశాడా? వాడి ఇష్టం వాడిదైతే నా మిషను నాది," అందామె. అని, మిషను తొక్కడంలో పడింది.

ఆ వారంలోనే ఎవరో పెళ్లివారి కోసం పన్నెండు దిండు గలీబులు కుట్టమని ఇచ్చారు. గలీబు తెలుసుగా, దిండు లోపలికి తోశాక మూతిదగ్గర గుడ్డ లోపలికి మడతపడి దిండుని బయటికి రానివ్వదు. బొత్తాం ఉండదు, ముడి ఉండదు. ఏడో గలీబు అంచు మడుస్తూ సలోమి ఆగిపోయింది. మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ గలీబుని పక్కకి తోసి నన్ను అందుకుంది.

నా మూతికి లోపలివైపు మూడంగుళాల మడత వచ్చింది. లోపల పెట్టినది తలకిందులైతే మడతలోకి వెళ్లి ఆగుతుంది. తియ్యాలంటే రెండు వేళ్లతో మడతని పక్కకి తోస్తే చాలు. దానికి తోడు, లంగాలకి వేసే లావుపాటి నాడా ఒకటి తీసుకుని నా అడుగు కుట్టులో కలిపి నాలుగుసార్లు కుట్టింది. రెండో కొస ఫోను తొడుగుకి కట్టాలి.

"లంగా నాడా కట్టుకుని పైకెక్కమంటావా?" అన్నాడు ఏసోబు. చాలా రోజుల తర్వాత అతను నవ్వడం అదే.

"ఎక్కి చూపించు, తర్వాత నవ్వుదువుగాని."

ఐదో టైలు పగల్లేదు. ఆమె మంచం మీంచి వేలాడింది, గెంతింది, పిల్లిమొగ్గ వేసినంత పని చేసింది. నాలోది నాలోనే ఉంది. నాకు ఆ రోజు కలిగిన ధీమా పుట్టి ఎన్నడూ ఎరగను.

మర్నాడు పొద్దున్నే ఏసోబుని వెంటబెట్టుకుని సలోమి స్వయంగా పనిచోటుకి వెళ్లింది. చేబదులుగా తన తమ్ముడి ఫోను తెచ్చి, అందులో ఏసోబు సిమ్ము వేసింది. అదీ అంత పొడుగుదే. మేస్త్రి చూస్తూనే చెయ్యి అడ్డం ఊపాడు.

"మళ్లీ అదే మాటైతే వద్దమ్మా. జారితే నా మీదికొస్తుంది."

"జారితే మళ్లీ ఈ గేటు తొక్కం, మేస్త్రి గారూ. మీరు ఎలా కావాలంటే అలా చూసుకోండి."

సెంట్రింగు పైపుకి మోకాళ్లు మెలేసి ఏసోబు తలకిందులుగా వేలాడాడు. రంగులవాళ్లంతా చుట్టూ చేరారు. మేస్త్రి వెళ్లి అతని భుజాలు పట్టుకుని మామిడికొమ్మని ఊపినట్టు ఊపాడు. నేను పళ్లు బిగబట్టాను, జేబుకి పళ్లుంటే. ఫోను మడతలోకి జరిగి అక్కడే కూర్చుంది. మేస్త్రి ఊరుకోకుండా తన ఫోను తీసి ఏసోబుకి రింగిచ్చాడు. ఏసోబు వేలాడుతూనే ఒక చేత్తో తీశాడు. బొటనవేలు అందలేదు. ముక్కుతో నొక్కి, "చెప్పండి మేస్త్రి గారూ," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కావాలనే అతను వేళ్లు వదిలేశాడు. ఫోను నాడాకి వేలాడుతూ గిర్రున తిరిగింది.

మేస్త్రి నవ్వాపుకుని అన్నాడు. "నాకు బాగానే ఉందమ్మా. కానీ నేను సరే అంటే సరిపోదు. ఆవిణ్ణి అడగండి."

తిరపతమ్మ గేటు పక్కన నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత ఆమె గోడ నీడకి రావడం మానేసింది. ఎండలోనే కూర్చుని పనులు చేసుకుంటోందట. సలోమి ఆమె దగ్గరికి వెళ్లింది.

"అక్కా, నువ్వు వద్దంటే వద్దే. ఏమీ అనుకోం."

తిరపతమ్మ వచ్చి, ఏసోబు చంక కింద చెయ్యి పెట్టి నన్ను తడిమింది. మడత లోపల వేళ్లు తిప్పింది. నాడాని అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగింది. నాలుగు వరసల కుట్టు కిర్రుమంది. నేను వదల్లేదు. ఆమె మళ్లీ లాగింది. అప్పుడు చెయ్యి విప్పుకుని, ఎర్రబడ్డ అరచెయ్యి చీరకి తుడుచుకుంటూ, "ఊఁ. ఎక్కమను," అంది.

ఏసోబు ఎక్కాడు. ఐదో అంతస్తు దగ్గర ఝూలా ఆగగానే నాలోంచి ఫోను తీసి, సలోమికి చూపించమని మేస్త్రి ఫోనుకి ఫొటో పంపాడు. సగం రంగు పడ్డ గోడ, దాని మీద అతని చెప్పు నీడ. ఆమెకి అందులో ఏం కనపడిందో గాని, దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయిందని తర్వాత విన్నాను.

మూడేళ్లు అలా నడిచింది. మిగతా రంగులవాళ్లు కూడా చొక్కాలు తెచ్చి వరండాలో పడేశారు. ఆ తర్వాత సెంట్రింగు వాళ్లొచ్చారు, కరెంటు పనివాళ్లొచ్చారు. నా చొక్కా రంగులతో అట్టలా బిగిసి మోచేతుల దగ్గర పగిలింది. సలోమి దాన్ని మసిగుడ్డ చేసి, నన్ను మాత్రం విడిగా కత్తిరించి, మిషను పైన మేకుకి తగిలించింది. ఇప్పుడు నేను నమూనాని. వచ్చినవాళ్లు నాలో చెయ్యి పెట్టి చూసి, "ఇలాంటిదే," అంటారు. మనుషులు పనికిరాని చాలావాటిని అద్దాల వెనక దాచి టికెట్టు పెడతారు. నన్ను చూడ్డానికి టికెట్టు లేదు.

నిన్న కాలేజీ పిల్ల ఒకతె పంజాబీ డ్రెస్సు గుడ్డ పట్టుకుని వచ్చింది. చేతిలో ఫోను, ఆ చేత్తోనే సంచీ, గుడ్డ. "ఆంటీ, దీనికి జేబు పెట్టరా? అందరూ ఆడపిల్లల డ్రెస్సుకి కుదరదంటున్నారు," అంది.

"కుదరదని ఎవరన్నారు?" సలోమి మెడలోంచి టేపు తీసింది. ఆ పిల్ల కొలతలకని చేతులు చాచి నిలబడింది. "నువ్వు తర్వాతమ్మా," అంది సలోమి. "ముందు ఆ ఫోను ఇటివ్వు, కొలవాలి."