ఆమెన్ తర్వాత రుమాలు

బస్సులో నిలబడి టికెట్లు కొట్టేదాన్ని కాబట్టి నాకు మనుషుల ముఖాల కంటే తలకాయలే బాగా గుర్తుంటాయి. ఆళ్లగడ్డ డిపోలో కండక్టరుగా చేరి పద్దెనిమిదేళ్లయింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, మధ్యలో శిరివెళ్ల దగ్గర సీటు గొడవ. ఇదే నా బతుకు. చేరిన కొత్తలో ప్రతి మూడు సీట్లకూ ఒక రుమాలు కనబడేది. రుమాలంటే జేబులో పెట్టుకునే చేతిగుడ్డ కాదు, మా వైపు మగవాళ్లు తలకు చుట్టుకునే నాలుగు మూరల గుడ్డ. ఇప్పుడు బస్సంతా వెతికినా రెండు దొరకవు. అన్నీ వెనక్కి తిప్పి పెట్టుకున్న క్రికెట్ టోపీలు, ఒళ్లో హెల్మెట్లు.

మా నాయన ఏసయ్య మాత్రం మారలేదు. డెబ్బై ఐదేళ్లొచ్చినా తెల్లగుడ్డ, ఎర్ర అంచు, ఎడమవైపు చిన్న కుచ్చు. ఆయన నా దగ్గరే ఉంటాడు. మా ఆయన మోషే మంచివాడు, మాట్లాడడు. మా ఇంట్లో మాట్లాడే డ్యూటీ కూడా నాదే.

అన్నం దగ్గర నాయనకు ఒక పద్ధతి ఉంది. తట్ట ముందర, అంటే కంచం ముందర, కూర్చోగానే రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. ఆమెన్ అనగానే రుమాలు మళ్లీ తలకు చుట్టుకుంటాడు. అప్పుడే ముద్ద కలుపుతాడు. "దేవుని ముందర తీస్తా, అన్నం ముందర పెట్టుకుంటా" అంటాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే ఒక్కసారి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

పదిహేడేళ్ల వయసులో నాయన ఒక పెద్ద ఆసామి దగ్గర సేద్యం పనికి ఉండేవాడట. మధ్యాహ్నం వాకిట్లో కూర్చోబెట్టి బువ్వ పెట్టేవాళ్లు. పెట్టేటప్పుడు మావాళ్ల తల మీద గుడ్డ ఉండకూడదు, భుజం మీద కూడా ఉండకూడదు. మడిచి సంకలో పెట్టుకోవాలి. చెయ్యి ఎత్తితే గుడ్డ జారుతుంది, అందుకని మోచెయ్యి ఒంటికి అదుముకుని, తట్ట మీదికి వంగి తినాలి. మూడేళ్లు అట్లా తిన్నాక ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డుకు రాళ్లు నునుపు చేసే పనికి వచ్చాడు. మొదటి రోజు సద్ది విప్పి, అలవాటు చొప్పున రుమాలు తీసి సంకలో పెట్టుకోబోతే, గురవయ్య అనే మేస్త్రీ కేక వేశాడట. "ఏందప్పా, తలమీద రాతిదుమ్ము పడతాంటే ఉత్త తలతో తింటావా? చుట్టుకొని తిను!"

మనిషన్నవాడు నాయనను రుమాలు పెట్టుకోమనడం అదే మొదలు. ఆ రోజు నుంచి నాయన రుమాలు లేకుండా అన్నం తినలేదు.

ఇక మా శాంసన్ సంగతి. నా ఒక్కగానొక్క కొడుకు, నంద్యాలలో ట్రాక్టర్ల షోరూంలో పని. లూదియా అక్కడే ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఇద్దరూ ఇష్టపడ్డారు. పిల్ల నాకూ నచ్చింది, ఎందుకంటే నేను అరిస్తే తిరిగి అరుస్తుంది. లూదియా నాయన యెషయా సారు రిటైరైన హెడ్మాస్టరు. వాళ్ల హాల్లో ఎనిమిది కుర్చీల భోజనాల బల్ల, తలుపు పక్కన టోపీలు తగిలించడానికి చెక్క కొయ్యలు. ఆ ఇంట్లో పాలవాడు కూడా టోపీ తీసి లోపలికి రావాల్సిందే.

మాటలు కలుపుకోవడానికి మమ్మల్ని భోజనానికి పిలిచారు. సారు ప్రార్థన చేశాడు. నాయన రుమాలు తీశాడు. సారు ముఖం వెలిగింది. ఆమెన్ అన్నారు. నాయన రుమాలు చుట్టుకున్నాడు. సారు ముఖం ఆరిపోయింది.

"పెద్దాయనా, ఇంకా భోంచేయలేదు" అన్నాడు సారు.

"తింటాండా సారూ" అన్నాడు నాయన, అప్పడం విరుస్తూ.

"బల్ల దగ్గర తలమీద గుడ్డ మా ఇంట్లో మర్యాద కాదు."

నాయన ఒక్క నిమిషం తట్టలోకి చూశాడు. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, బయట అరుగు మీద కూర్చున్నాడు. మోషే కూడా లేచి వెళ్లి మామ పక్కన కూర్చున్నాడు. నా నోరు ఆ రోజు ఎందుకు పడిపోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. పప్పు కలుపుకున్న చెయ్యి అట్లాగే ఎండిపోయింది.

మర్నాడు సారు ఫోను చేశాడు. పిల్లాడు బంగారం, కుటుంబం మంచిది, అంతా బాగుంది. "పెళ్లిలో పెద్దల బల్ల మీద మాత్రం ఆ రుమాలు వద్దమ్మా. ఆత్మకూరు నుంచి, పాణ్యం నుంచి మావాళ్లంతా వస్తారు. అది కుదరదంటే ఈ సంబంధం గురించి మళ్లీ ఆలోచించుకోవల్ల."

శాంసన్ ముఖం చూడలేకపోయాను. "ఒక్క పూటే కదమ్మా, నువ్వు తాతకు చెప్పు" అన్నాడు వాడు. నేను కొడుకు పక్షం తీసుకున్నాను. తల్లిని కదా, తప్పేముంది అనుకున్నాను. తప్పే.

"నాయనా, పెళ్లినాడు అన్నం దగ్గర రుమాలు తీస్తావా?" అని అడిగాను. ఆయన తిడతాడేమో, అలుగుతాడేమో అని చూశాను. తిట్టినా బాగుండేది.

"మనవడి పెళ్లి పాపా. తీస్తాలే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం సంగటి పెట్టాను. ప్రార్థన చేశాడు, ఆమెన్ అన్నాడు, రుమాలు చుట్టుకోలేదు. అలవాటు చేసుకుంటున్నాడని అర్థమైంది. నేను చెంబులో నీళ్లు తెచ్చేలోగా నాయన రుమాలును నాలుగు మడతలు పెట్టి సంకలో ఇరికించుకున్నాడు. మోచెయ్యి ఒంటికి అదుముకుని, తట్ట మీదికి వంగి, చిన్న చిన్న ముద్దలు తింటున్నాడు. ఆయనకు తెలియదు తానట్లా కూర్చున్నట్టు. యాభై ఐదేళ్ల తర్వాత ఆ చెయ్యి దానంతటదే ఆ వాకిట్లోకి పోయింది. పంపింది నేను.

నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ముందు నా మీద, తర్వాత శాంసన్ మీద, ఆ తర్వాత అంతా కలిపి యెషయా సారు మీద.

మర్నాడు ఉదయం ట్రిప్పులో నంద్యాల బస్టాండులో బండి ఆగగానే డ్రైవరు వెంకటేష్‌తో "పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి, ఖాకీ కోటుతోనే సారు ఇంటికి నడిచాను. సారు పేపరు చదువుతున్నాడు. రామ్మా అన్నాడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"మా నాయన రుమాలు తియ్యడు సారూ. నేనే తియ్యమని చెప్పినా, నాదే బుద్ధి తక్కువ. ఇప్పుడు వద్దని చెప్తాండా."

సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు, అది ఆయన గొప్పతనమే. "అమ్మా, నేను ఐదో తరగతిలో హాస్టలుకు పోయినా. అంతవరకు నేలమీద తిన్నోణ్ణి. ఆడ మొదటిసారి బల్ల ముందర కుర్చీలో కూర్చోబెట్టినారు. తల దువ్వుకొని, టోపీ తీసి కూర్చుంటే మమ్మల్ని గూడా మనుషులన్నారు. ఆ మర్యాద నాకు ఊరికే రాలేదమ్మా."

"మీకు తీస్తే వచ్చింది. మా నాయనకు పెట్టుకుంటే వచ్చింది. రెండూ ఒకటే గదా సారూ!"

ఆయనకు అర్థం కాలేదు. చెప్పి లాభం లేదనిపించింది. కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు తీసి, మడిచి, సంకలో పెట్టుకుని, ఆ నునుపు గచ్చు మీద గొంతుకూర్చున్నాను. మోచెయ్యి అదుముకుని, తల వంచి, లేని తట్టలో లేని బువ్వ తిన్నాను. "ఇట్ల తినిపించినారు మా నాయనతో. మూడేండ్లు. నిన్న మా ఇంట్లో మళ్లీ ఇట్లనే తిన్నాడు, మీ బల్ల కోసం."

తల ఎత్తి చూస్తే సారు చేతిలో పేపరు కింద పడి ఉంది. ఆయన నన్ను చూడటం లేదు. నా సంకలోని తువ్వాలును చూస్తున్నాడు. తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

"ఏందక్కా, ఏడు నిమిషాలు లేటు! తొందరగా ఎక్కు" అన్నాడు వెంకటేష్. దారంతా దొరికిన ప్యాసింజరుతో దొరికినట్టు పోట్లాడాను. పెళ్లి పోయిందనే అనుకున్నాను. శాంసన్‌కు జరిగింది చెప్పాను. వాడు తలవంచుకుని, "మంచి పని చేసినావమ్మా. నేనే తాతను అడగమనాల్సింది కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా కొడుకు నాకు మళ్లీ దొరికాడు.

నాలుగు రోజులు నంద్యాల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు లూదియా ఫోను చేసింది. "అత్తా, కార్డులు కొట్టించినాం. మా నాయన ఏం మాట్లాడడంల్యా. పెళ్లి మాత్రం కానియ్యమన్నాడు." రుమాలు సంగతి అడిగితే తనకు తెలియదంది.

పెళ్లి నంద్యాల చర్చిలో జరిగింది. భోజనాలు పక్కనున్న ఏసీ హాల్లో. పెద్దల బల్లకు తెల్లగుడ్డ పరిచారు. ఆత్మకూరు వాళ్లు, పాణ్యం వాళ్లు, అందరూ తలలు నున్నగా దువ్వుకుని కూర్చున్నారు. మధ్యలో మా నాయన, ఎర్ర అంచు రుమాలుతో. యెషయా సారు బల్ల అటు చివర, సూటు వేసుకుని. ఎవరైనా ఒక్క మాటన్నా ఈసారి నా నోరు పడిపోదని ముందే నిర్ణయించుకున్నాను.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. నాయన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమెన్ అన్నారు.

నాయన చెయ్యి రుమాలు మీదే ఆగిపోయింది. నేను ఇంట్లో చెప్పే తీసుకొచ్చాను, పెట్టుకో నాయనా అని. కానీ అంతమంది ఉత్త తలల మధ్య ఆయన అటూ ఇటూ చూశాడు. వేళ్లు మెల్లగా మడత పెట్టడం మొదలుపెట్టాయి. ఒక మడత. రెండు మడతలు. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

నాకంటే ముందు యెషయా సారు లేచాడు. బల్ల చుట్టూ నడిచి వచ్చి నాయన ఎదుట నిలబడ్డాడు. హాలంతా చూస్తోంది.

"నాయనా, రుమాలు చుట్టుకో" అన్నాడు. వరసకు నాకు అన్న కాబట్టి మా నాయనను అట్లాగే పిలవాలి. కానీ ఆయన గొంతులో వరస కాదు వినబడింది. "నువ్వు చుట్టుకుంటేనే ఈ బల్ల మీద మేం ముద్ద ముట్టేది."

నాయన ఆయన ముఖంలోకి చూస్తూ మడతలు విప్పాడు. నిదానంగా, ఒక్కో చుట్టూ సరిచూసుకుంటూ, ఎడమవైపు కుచ్చు వదిలి, రుమాలు చుట్టుకున్నాడు. నా జన్మలో అంత నిటారుగా కూర్చున్న మనిషిని చూడలేదు.

సారు అక్కడితో ఆగలేదు. కోటు జేబులోంచి మడత విప్పని కొత్త రుమాలు తీశాడు. తెల్లగుడ్డ, ఎర్ర అంచు. "మా నాయన గూడా గుడ్డ సంకలో పెట్టుకునే తిన్నాడు. అట్లనే చచ్చిపోయినాడు. నేను కండ్లారా చూసి గూడా చూడనట్ల బతికినా. నాకు చుట్టడం రాదు నాయనా. నువ్వు చుట్టు."

హెడ్మాస్టరు మా నాయన ముందు వంగాడు. నాయన లేచి నిలబడి, ఆ బట్టతల మీద రుమాలు వేసి చుట్టడం మొదలుపెట్టాడు. "తలకాయ కదిలించద్దు సారూ, వదులైతాది" అని కసిరాడు కూడా. ఆత్మకూరు పెద్దమనిషి ఒకాయన భుజం మీది కండువా తీసి తలకు చుట్టుకున్నాడు. మోషే నోరు తెరిచి, "మామా, తర్వాత నాకు" అన్నాడు. ఆ పెళ్లిలో మా ఆయన మాట్లాడింది అంతే, కానీ హాలంతా చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

నాయన కుచ్చు సరిచేసి, సారు తలమీద మెత్తగా తట్టాడు.

"ఇంక తిను సారూ. తలమీద దుమ్ము పడదు."

"ఏసీ హాల్లో దుమ్ము యాడిది అత్తా?" అని లూదియా నా చెవిలో అడిగింది. తర్వాత చెప్తాలే, ముందు నువ్వు తిను అన్నాను.