నిర్మాల్యం కవరు

దేవుడి పటం మీంచి తీసిన పూలు ఎప్పుడు చెత్త అవుతాయి? ఈ సందేహం నాకు ఏళ్ల తరబడి ఉంది. పూజారిగారిని అడిగితే "కాలి కింద పడకూడదు నాయనా" అన్నారు గానీ, ఎక్కడ వేయాలో చెప్పలేదు. చెత్తడబ్బాలో వేయడానికి మనసొప్పేది కాదు. అందుకని రోజూ తెల్లవారుజామున నిన్నటి పూలు, పటం ముందు పెట్టిన నిమ్మకాయలు పసుపురంగు కవరులో కట్టి, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే దారిలో, మా సందు మొదట్లో ఉన్న వేపచెట్టు కింద పెట్టి వచ్చేవాణ్ణి.

ఆ చెట్టు పక్కనే నర్సింహులు ఇడ్లీ బండి. ఒకరోజు అతను తన ఫోను నా ముందు పెట్టాడు.

"సార్, జర సదువుండ్రి. ఏందో నోటీసు వచ్చింది."

రోడ్డు మీద చెత్త వేసినందుకు జరిమానా. వారంలోగా జవాబు చెప్పకపోతే బండి తీసేస్తారట. కింద ఫొటోలో నర్సింహులు వంగి ఉన్నాడు. చేతిలో పసుపురంగు కవరు. తేదీ, టైము కూడా ఉన్నాయి.

ఆ కవరు నాది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చుట్టూ జనం తింటున్నారు. సాయంత్రం దీపం వెలిగిస్తుంటే మాత్రం ఆ ఫొటోయే గుర్తొచ్చింది. మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లాను. అక్కడ శానిటరీ ఇన్‌స్పెక్టరు అనుపమగారు ఉన్నారు.

"అది పెట్టింది నేనేనమ్మా," అన్నాను.

"మీరు మంచోళ్లు సార్, ఆయన కోసం మీద ఏసుకుంటున్నరు. నోటిమాటతోని నోటీసు పోదు. నా దగ్గర ఫొటో ఉన్నది."

"ఆ ఫొటోలో పెడుతున్నాడో, తీస్తున్నాడో ఎలా తెలుస్తుందమ్మా? కాస్త ముందు నుంచి చూపించండి."

ఆవిడ కెమెరా రికార్డు తెరిచారు. అయిదూ యాభైకి నేను వచ్చాను. రెండు చేతులతో కవరు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నమస్కారం చేశాను.

"చెత్తకు దండం పెట్టెటోళ్లను గిప్పుడే చూస్తున్న," అన్నారావిడ.

ఇరవై నిమిషాలకు నర్సింహులు వచ్చాడు. వంగి కవరు ఎత్తాడు. నోటీసులో పెట్టిన ఫొటో సరిగ్గా ఆ క్షణానిది. తర్వాత దాన్ని చెత్త ఆటోలో వేసి వచ్చి, ఆ చోటు ఊడ్చి, నీళ్లు చల్లాడు. అనుపమగారు అంతకుముందు రోజుది చూశారు. ఆ ముందుదీ చూశారు. ఆ కెమెరాలో ముప్పై రోజులే నిలవ ఉంటాయట. ముప్పై రోజులూ అదే తంతు.

"ఎన్నాళ్లుగా తీస్తున్నావయ్యా?" అని అడిగాను.

"బండి పెట్టినకాడికెల్లి సార్. ఆరేండ్లు. కవర్ల నిమ్మకాయలు జూస్తే గిరాకీ బెదురుతది."

"నాతో చెప్పొచ్చుగా?"

"దేవునియి గద సార్. ఏమని జెప్పాలె?"

అనుపమగారు అతని పేరు మీది నోటీసు రద్దు చేసి, ఆ వీడియో ముక్క జతచేసి కృష్ణమోహన్ అని నా పేరు ఎక్కించారు. జరిమానా అక్కడే ఫోనులో కట్టేశాను.

ఇప్పుడు పూలు మా డాబా మీది కుండీల మట్టిలో కలుపుతున్నాను. అది సరైనదో కాదో ఇంకా ఎవరినీ అడగలేదు.

ఆరేళ్ల చాకిరీ తీర్చడం నా వల్ల కాదు. కళ్లారా చూసిన ముప్పై రోజులదైనా తీర్చాలనుకున్నాను. ఆఫీసుకు వెళ్లొచ్చిన మర్నాడు అయిదూ యాభైకి చీపురు, బకెట్టు పట్టుకుని వెళ్లి బండి నిలిపే చోటు ఊడుస్తుంటే నర్సింహులు పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో సార్! నా ఇజ్జత్ తీయకుండ్రి!"

"నేను చూసిన ముప్పై రోజులకే," అన్నాను గానీ చీపురు వదల్లేదు. రోజూ వెళ్లాను. ముప్పయ్యో రోజు నీళ్లు చల్లడం కాగానే అతనే నా చేతిలోంచి చీపురు తీసుకుని బండి చక్రానికి ఆనించాడు.

"ఇగ చెల్లిపోయింది సార్. తినుండ్రి," అంటూ వేడి ఇడ్లీ ప్లేటు నా చేతిలో పెట్టాడు.