రౌండ్ల రోజు క్షవరం

వరుసలో సగం గడ్డాలు అయ్యాయి. శెహాతా గిన్నెలో నురుగు నీళ్లు పారబోసి, వేడినీళ్లు పట్టుకొచ్చి, ఫిక్రీ మంచం ముందుకి స్టూలు జరుపుకున్నాడు.

ఫిక్రీ పొడుగాటి మనిషి. బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. లోతు బుగ్గల మీద బ్లేడు నిలవదు. శెహాతా వాడి నోట్లోకి వేలు పెట్టి, చెంప లోపలినుంచి బయటికి నెట్టి, పైన మెల్లగా గీస్తాడు. వేరేవాడి వేలైతే ఫిక్రీ కొరుకుతాడు. శెహాతా వేలు కొరకడు. గడ్డం కింద రెండు వేళ్లు ఆనిస్తే, అరిచేవాడు కూడా ఆ కాసేపు అరవడు. ఎందుకని ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. పని జరుగుతోంది, చాలు.

ఈ పిచ్చాసుపత్రికి ఆయన బావమరిది బదులు వచ్చాడు. బావమరిది చెయ్యి విరిగింది, అతికేదాకా చూడమన్నారు. చెయ్యి అతికింది గాని బావమరిది మళ్లీ రాలేదు. శెహాతా ఉండిపోయాడు. ఇంటి దగ్గర శుక్రవారాలు నమాజుకి ముందు పొరుగువాళ్లకి గడ్డం చేద్దామనుకున్నాడు. పిచ్చివాళ్లని ముట్టుకునే చేతిని వాళ్లు తమ మొహం మీద పెట్టనివ్వలేదు. అంటుకుంటుందన్నారు. ఆయన వాదించలేదు. భార్య వజీదా ఉన్నన్నాళ్లూ మాత్రం ఆ చెయ్యి తీసుకుని తన చెంప కింద పెట్టుకుని నిద్రపోయేది. ఇప్పుడు ఆమె లేదు.

"పెళ్లికొడుకుల్ని చేస్తున్నావా బాబాయ్?" అంది నర్సు ఇన్షిరాహ్, మాత్రల పళ్లెం పట్టుకుని పోతూ. "వీళ్లకి పిల్లనెవరిస్తారు?"

"నిన్నే అడుగుదామని."

ఆమె నవ్వుకుంటూ పోయింది.

రౌండ్ల రోజు గడ్డం గీయడం ఎవరి ఉత్తర్వూ కాదు. వార్డులో పుట్టిన అలవాటు. ఒకప్పుడు డాక్టర్లు చాలామంది ఉండేవారు. కొందరు గల్ఫుకి పోయారు, ఒకాయన సొంత క్లినిక్కు పెట్టుకున్నాడు. మిగిలింది నాహెద్ డాక్టరమ్మ. మగవాళ్ల వార్డు, ఆడవాళ్ల వార్డు, బయట వరండాలో కూర్చున్న జనం, అంతా ఆమెదే. ఒక్కో మంచం దగ్గర గుక్కెడు టీ తాగినంతసేపు నిలబడుతుంది. ఆ కాస్తలో ఎవడైనా గోడు వెళ్లబోసుకుంటే మందు పెంచి పోతుంది. కూర్చుని వినే తీరిక ఆమెకెవరిచ్చారు? అందుకని గడ్డం నున్నగా గీసి, ఉతికిన గలాబియా, ఆ పొడుగు అంగీ, తొడిగి, ఒక మాట నేర్పి కూర్చోబెడతారు. ఆ మాట నేర్పేది శెహాతాయే.

పోయినసారి ఫిక్రీ ఆ మాట మర్చిపోయాడు. చచ్చిపోయిన తండ్రి నీళ్లగొట్టంలోంచి పిలుస్తున్నాడని డాక్టరమ్మకి చెప్పేశాడు. మందు పెరిగింది. ఆ మందుకి చేతులు వణికి, చాన్నాళ్లు చెంచా వాడి నోటిదాకా వెళ్లలేదు. చొంగ తుడిచింది శెహాతాయే.

"ఎలా ఉన్నావు ఫిక్రీ?" అన్నాడిప్పుడు, డాక్టరమ్మలాగా గొంతు సన్నంచేసి.

"గొట్టంలోంచి నాన్న..."

"నాన్న సంగతి నాతో చెప్పు. ఆవిడకేం చెప్పాలి?"

"దేవుడి దయ. బాగున్నాను. నిద్ర పడుతోంది."

"అంతే. ఇంకో ముక్క మాట్లాడావో, మీసం కూడా తీసేస్తా."

ఫిక్రీ రెండు చేతులతో మీసం మూసుకున్నాడు. శెహాతా తువ్వాలుతో వాడి మెడ తుడిచి, మిగతావాళ్ల దగ్గరికి కదిలాడు. గడ్డాలన్నీ అయ్యేసరికి డాక్టరమ్మ వచ్చింది.

ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో సగం తిన్న బిస్కట్టు. దేవుడి దయ, బాగున్నాను, నిద్ర పడుతోంది. దేవుడి దయ, బాగున్నాను. ఆమె తలూపుతూ మంచం దాటి మంచం వచ్చింది. ఫిక్రీ దగ్గర ఆగింది. నున్నటి చెంపలు చూసింది. వణకని చేతులు చూసింది.

"ఇంట్లో ఎవరున్నారు?"

ఇది నేర్పని ప్రశ్న. "అక్క," అన్నాడు ఫిక్రీ.

"అక్క దగ్గరికి వెళ్తావా?"

ఫిక్రీ శెహాతా వైపు చూశాడు. తర్వాత తడబడకుండా చెప్పాడు. "దేవుడి దయ. బాగున్నాను. నిద్ర పడుతోంది."

డాక్టరమ్మ ఏదో రాసుకుని ముందుకెళ్లింది. గండం గడిచిందనుకున్నాడు శెహాతా. మందు పెరగలేదు. బ్లేడు కడుగుతుంటే ఇన్షిరాహ్ వచ్చి, ఫిక్రీని ఇంటికి పంపమని డాక్టరమ్మ రాసిందని, వాడి సొంత బట్టల మూట సామాన్ల గదిలోంచి తెమ్మంది. పైవాళ్లు ఉచిత మంచాలు తగ్గించారట. ఇంటివాళ్లు నెలనెలా డబ్బు కట్టాలి, లేదా కాస్త బాగున్నవాణ్ణి తీసుకుపోవాలి. ఫిక్రీ బావ గలాల్ కట్టలేనన్నాడట. గేటు దగ్గరే ఉన్నాడట.

శెహాతా చేతిలో బ్లేడు అలాగే ఉండిపోయింది. వచ్చిన కొత్తలో ఫిక్రీ చీలమండ చుట్టూ పుండు ఉండేది. గలాల్ వాణ్ణి మేడ మీద పావురాల గూటి పక్కన తాడేసి కట్టి ఉంచాడు, ఎండాకాలం అంతా.

డాక్టరమ్మ ఆడవాళ్ల వార్డు మెట్లెక్కుతోంది. ఆయన ఎప్పుడూ ఆమెని వెనకనుంచి పిలిచి ఎరగడు.

"డాక్టరమ్మా. ఫిక్రీకి బాగాలేదు."

"ఇప్పుడేగా బాగున్నానన్నాడు."

"అనమన్నది నేను."

ఆమె మెట్టు దిగింది. "వాడొక్కడికేనా, అందరికీనా?"

"అందరికీనమ్మా."

కోప్పడుతుందనుకున్నాడు. ఆమె గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. వరండాలో ఒకమ్మ కొడుకు చేతుల్ని తన శాలువాతో కట్టి పొద్దున్నుంచి కూర్చుని ఉందనీ, వాణ్ణి పడుకోబెట్టడానికి మంచం లేదనీ చెప్పింది. తర్వాత కళ్లు తెరిచింది.

"ఫిక్రీని ఉంచుతాను బాబాయ్. వాడి బదులు ఎవర్ని పంపను? నీకు తెలుసుగా వాళ్లంతా. పేరు చెప్పు, కాగితం ఇక్కడే మారుస్తాను."

శెహాతా తిరిగి చూశాడు. తలుపులోంచి వార్డు మొత్తం కనిపిస్తోంది. వరసగా మంచాలు, మంచాల మీద ఆయన పొద్దున్నే గీసిన మొహాలు. కొందరి చెవుల దగ్గర ఇంకా నురుగు ఆరలేదు. ఒకడు ఆయన్ని చూసి చెయ్యి ఊపాడు. ఆయన కూడా చెయ్యి ఊపాడు.

ఆమె పేరు కోసం కాసేపు నిలబడింది. పైనుంచి ఎవరో పిలిచారు, కాగితం మార్చకుండానే వెళ్లిపోయింది.

గేటు దగ్గర గలాల్ గాడిదబండి దిగి సలాం చెప్పాడు. "నలుగురు ఆడపిల్లలతో ఒక్క గదిలో ఉన్నాం బాబాయ్. నేను రాక్షసుణ్ణి కాదు," అన్నాడు అడక్కుండానే. మేడ మీద తాడు కట్టొద్దని శెహాతా అన్నాడు. గలాల్ గాడిద చెవులకేసి చూస్తూ, చూద్దాంలే అన్నాడు.

సొంత చొక్కా ఫిక్రీకి వదులైపోయింది. శెహాతా గుండీలు పెట్టాడు. ఫిక్రీ వంగి ఆయన చెవిలో అడిగాడు.

"సరిగ్గా చెప్పానా?"

"సరిగ్గానే చెప్పావురా."

ఫిక్రీ మీసం సవరించుకుని బండెక్కాడు. గాడిద కాలువ గట్టుమీదుగా కదిలింది. శెహాతా గేటు వేసేదాకా నిలబడి, లోపలికొచ్చాడు.

ఫిక్రీ మంచం మీద అప్పటికే ఎవరో కుర్రవాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వాళ్లమ్మ శాలువా ముడి విప్పుతోంది. శెహాతా గడ్డం సామాను సర్దుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కిటికీ గట్టు మీద ఫిక్రీ టీ గ్లాసు ఉంది, నిండుగా, చల్లారిపోయి. తిరిగొచ్చి తాగేటట్టు, ఈగలు పడకుండా పైన సగం రొట్టె మూతపెట్టి ఉంది.