గడ్డిలంకలో రెండు గోతులు

ముత్యాలరాజు గారి కాపలావాడు చెలమలోకి ఇసుక తోస్తుంటే రూతు చేతిలో నీళ్ళ ముంత ఇంకా అలాగే ఉంది. చెలమంటే తాగునీటికి ఇసుకలో చేత్తో తోడుకున్న చిన్న గుంట. నడినెత్తిన ఎండ. గడ్డి కోసి అలిసిన పాతికమంది ఆడవాళ్ళు వెనకాల దాహంతో నిలబడి ఉన్నారు. వాడు గుంట పూడ్చి, పైన కాలితో తొక్కాడు.

"మీరిక్కడ నీళ్ళు తోడితే రాజుగారి గడ్డి ఎండిపోతందంట. ఆర్డరు" అన్నాడు.

"అలాగా? మేం ఊపిరి పీలిస్తే ఆయనకి గాలి తక్కువౌతందేమో, అది కూడా రాయించండి" అంది రూతు.

వాడు ముంత లాక్కుని ఆ నీళ్ళు కూడా పారబోశాడు. నేను పది గజాల దూరంలో మోపు కట్టుకుంటున్నాను. లేవాలనిపించింది. లేవలేదు. ముందే ఒప్పుకుంటున్నాను.

డెబ్బై తొమ్మిది వేసవి మాట ఇది. గోదావరి పాయ మధ్యన మా గడ్డిలంక ఎవరి పట్టా లేని నలభై ఎకరాల మేత పోరంబోకు. మా పేట గేదెలూ, మాతో కోతకొచ్చే దుర్గమ్మ వాళ్ళ పాలెం గేదెలూ దానిమీదే బతికేవి. అక్కడ గడ్డి ఎంత ఏపుగా ఉండేదంటే, మా మేనమామ గేదె ఒకటి అందులో దూరి మూడేళ్ళకి రెండు దూడలతో బయటికొచ్చింది. ఇది నమ్మకపోయినా పరవాలేదు. ఇకమీద చెప్పేది మాత్రం నమ్మాలి. దానికి సాక్షుల వేలిముద్రలు ఠాణాలో ఉన్నాయి.

గరిక, తుంగ, దర్భ, పిల్లిపెసర, రెల్లు, ఇంకా పేర్లు లేనివి పది రకాలు కలిసి పెరిగేవి. కోతకెళ్ళినవాళ్ళు ప్రతి రకానికీ ఒక తల్లిదుబ్బు, మళ్ళీ పిలకలేయడానికి, ముట్టుకోకుండా వదలాలి. వదలనివాళ్ళ మోపు నెత్తికెత్తడానికి ఎవరూ సాయం పట్టరు. ఒంటరిగా పచ్చిగడ్డి మోపు ఎత్తుకోవడం ఏ వస్తాదు వల్లా కాదు.

రెండేళ్ళ ముందు సగం లంకని రాజుగారు పాలడిపో పేరు చెప్పి లీజుకి తీసుకున్నారు. ఏనుగుగడ్డి వేయడానికి నేల శుభ్రం చేయమని మమ్మల్నే పిలిచారు. అక్కడే మేం తప్పు చేశాం. తల్లిదుబ్బు నియమం మన గడ్డికే గాని రాజుగారి నేలకేమిటిలే అనుకున్నాం. కూలికెళితే పనికి వంక పెట్టనివ్వని మనుషులం మేము. తుంగగడ్డల్ని గడ్డ వెంట గడ్డ తవ్వి తీశాం. రూతు పళ్ళతో లాగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే, నాకు మరదలు వరస.

మొదటి ఏడు ఏనుగుగడ్డి మనిషెత్తు లేచింది. రెండో వేసవికి సాళ్ళ మధ్య నేల బోడిగా మిగిలి నెర్రెలు విచ్చింది. గట్టిబడ్డ ఆ నేలమీద వాన పడితే ఇంకకుండా జారి గోదాట్లో కలిసిపోయేది. గడ్డి మాడింది. తప్పు ఎవరిది? చెలమలు తోడుకుని తాగే మాదట. మమ్మల్ని లంక నుంచి తరిమి మిగతా సగం కూడా తనకిమ్మని రాజుగారు అర్జీ పెట్టారు.

తాసీల్దారు విచారణకి వచ్చాడు. రూతు ముందుకెళ్ళింది.

"రెండు గోతులు తవ్విస్తామండి. ఒకటి రాజుగారి గడ్డిలో, ఒకటి మా గడ్డిలో. నీళ్ళు ఎవరు తాగేరో మన్నే చెబుద్ది."

మా సత్తియ్య చొక్కా విప్పి పలుగు పట్టాడు. రాజుగారి సాళ్ళ మధ్య నడుములోతు తవ్వినా పిండిలా పొడిమట్టే వచ్చింది. మా వైపు గరిక చాప ఎత్తేసరికి మన్ను చేతికంటుకుంది. మోచేతి లోతుకి నీరు ఊరింది.

"గరిక నేలని కప్పుద్దండి. పిల్లిపెసర నీడిస్తాది. దర్భ వేరు లోపలికంటా దారి చేస్తే, ఆ దారంట వాన దిగుద్ది. ఒకటి ఎండిన రోజుల్లో ఇంకోటి పచ్చగా ఉండి నేలని కాస్తాది. ఆయనది ఒకటే రకం. అన్ని వేర్లూ ఒకే చోట తాగుతాయండి, మిగతా నేలంతా ఎండకి వదిలేసినట్టే" అంది రూతు.

తాసీల్దారు తడిమన్ను వేళ్ళమధ్య నలిపి చూశాడు.

"బాగుంది. ఇంత తడినేల మీ గేదెల కింద వృథా అవుతోందన్నమాట. రాజుగారికిస్తేనే ఉపయోగం."

"ఆయ్, చిత్తమండి. తొలకరికి ట్రాక్టరు దింపి దున్నించేస్తాను" అన్నారు రాజుగారు.

జీవితంలో చాలా అబద్ధాలు చెప్పినవాణ్ణి నేను. తాసీల్దారు చెప్పినంత పెద్దది నాకెప్పుడూ తట్టలేదు.

ఆ సాయంత్రం ప్రార్థన మందిరం అరుగుమీద మా పేటా, పాలెమూ కూడాయి. సత్తియ్య తలెత్తలేదు.

"గొయ్యి తవ్వింది నేను. తడి చూపించి నేనే అప్పజెప్పేను."

"రెండేళ్ళ కిందట తవ్వింది మనందరం కదా, అన్నా" అంది దుర్గమ్మ. "ఆ సగం ఎండబెట్టింది ఆయన చేతులా? పారెప్పుడైనా పట్టేడా ఆయన?"

"ట్రాక్టరు దిగితే ఎదురెళ్ళి చావమంటారా? రేపట్నించి పనికి ఎవరు పిలుస్తారు?" అని ఒకడు అడిగాడు. ఆ ఒకడు నేనే.

"అయితే రేపట్నించి నీ మోపు నువ్వే ఎత్తుకో, బావా" అంది రూతు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"పీకడం వచ్చిన చేతులకి పాతడం రాదా?" అంది రూతు మళ్ళీ. "తొలకరి పడనియ్యండి. మన తల్లిదుబ్బులు తీసుకెళ్ళి ఆయన సాళ్ళ మధ్య పెడదాం. అది ఆయన తాత నేల కాదు, పోరంబోకు. ఆయన మనవైపు దున్నేలోగా ఆ వైపు కూడా మళ్ళీ లంక చేసేద్దాం."

గురువారం వాన పడింది. శుక్రవారం పొద్దున్నే ఏరు దాటించే పంటు మీద ట్రాక్టరు వచ్చింది. రేవులో మగవాళ్ళం అడ్డంగా కూర్చున్నాం. డ్రైవరు ఇంజను ఆపి, "నేనూ కూలోణ్ణే కదండీ, మీ మీదనుంచి ఎలా పోనిస్తాను" అని దిగిపోయాడు. అవతల రాజుగారి సాళ్ళలో నూట ఇరవైమంది ఆడవాళ్ళు గంపలు దించి, వంగి, దుబ్బు వెంట దుబ్బు పాతుతున్నారు.

రెండో పంటు మీద పోలీసు జీపు దిగింది. ఎస్సై సాళ్ళ దాకా వెళ్ళి చూసి, వెంట వచ్చిన రాజుగారి వైపు తిరిగాడు.

"గడ్డి పాతుతున్నారు. ఏ నేరమని రాయమంటారండీ?"

"నా గడ్డిని పాడుచేస్తున్నారని రాయండి. నాలుగు తగిలించి మరీ రాయండి" అన్నారు రాజుగారు.

లాఠీలు లేచాయి. రేవులో సత్తియ్య తల పగిలింది. రూతు మణికట్టు మీద దెబ్బ పడి గంప జారిపోయింది. ఆమె ఎడమచేత్తో దుబ్బులు ఏరుకుంటుంటే జుట్టు పట్టి జీపు దాకా ఈడ్చారు. సాళ్ళలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. అదే కాపలావాడు వచ్చి ఆ గంప మీద కాలు పెట్టాడు.

ఈసారి నేను లేచాను. రేవులోంచి సాళ్ళ దాకా పరిగెత్తి, వాడి కాలు పక్కకి నెట్టి గంప పట్టుకున్నాను. తడిమట్టి దుబ్బులు బండరాయంత బరువు, లేవలేదు. రెండో అంచు ఎవరో పట్టారు. దుర్గమ్మ. గంప నా నెత్తికెక్కింది.

జీపులోంచి రూతు పిలిచింది. "బావా, ముందు గరిక పెట్టు. తుంగ కొంచెం ఎడంగా."

ఆడవాళ్ళు మళ్ళీ వంగారు. రేవులోంచి మగవాళ్ళు కూడా లేచి వచ్చారు. జీపు పంటు ఎక్కేసరికి మేం రెండో సాలు దాటేశాం.