జపాన్‌లో సలా టైము

జాబేజ్ ఏ పని చేపట్టినా దాని అంతు చూడందే వదలడు. సౌదీలో జిజాన్ రిఫైనరీలో ప్లానింగ్ ఇంజనీరాయె, పెళ్ళాంపిల్లతో మొదటిసారి జపాన్ చూడబోతూ కూడా సైటు పనికి లాగే ల్యాప్‌టాప్‌లో గళ్ళు గీసి కూర్చున్నాడు. శుక్రవారం భోజనాలయ్యాక ఇద్దరినీ పిలిచి చూపించాడు. టోక్యో, క్యోటో, నారాలో జింకలు, ఫూజీ కొండ, అన్నీ ఒక్క వారంలో కూరేశాడు మహానుభావుడు! చూస్తుంటేనే షాలినికి కాళ్ళు పీకాయి.

ఆమె దిగులు వేరు. బయటి దేశాల కుటుంబాల మీద సౌదీవాళ్ళు వేసే లెవీ ఏటేటా పెరుగుతుంటే తట్టుకోలేక తల్లీకూతుళ్ళకి వీసా వదులుకుని ఇంటికెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ పెట్టేశారు. ఇక కలిసి ఉండేది జపాన్‌లో ఆ వారమే. ఆ తర్వాత వీళ్ళిద్దరూ కాకినాడకి, అతనొక్కడూ తిరిగి జిజాన్‌కి. అంత దూరం పోయేది కొండలూ గుళ్ళూ చూడ్డానికా, మొగుడి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవడానికా? అడుగుదామంటే నోరు రాలేదు. మనిషి అంత ముచ్చటపడుతున్నాడు మరి.

"డాడీ, మధ్యాహ్నం ఈ ఖాళీ ఏంటి? సాయంత్రం ఇంకోటి, చీకటి పడేటప్పుడు ఇంకోటి?" అంది కూతురు షైని.

"సలా టైము కదమ్మా. నమాజుకి షాపులన్నీ మూసేస్తారు. అప్పుడెళ్ళి ఏం చేస్తాం?"

"జపాన్‌లోనా!"

జాబేజ్ తెర వంక వెర్రిచూపు చూశాడు. జుమ్మా నమాజని శుక్రవారం పొద్దున్న కూడా ఖాళీయే. షైని సోఫాలో పడి దొర్లింది. షాలినికి నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుందండీ సంబడం! టోక్యోలో కూడా షట్టర్లు దించేయించారు మీరు!"

"ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోద్దే!" అని అతనూ నవ్వేశాడు. "పోన్లే, ఇంత టైము మిగిలింది. హిరోషిమా కూడా పెట్టేద్దాం."

షాలిని నవ్వు ఆగిపోయింది. ఇక్కడ సరుకులకని బయల్దేరిన ప్రతిసారీ అంతే. మసీదు నుంచి బాంగు వినబడేది, కళ్ళముందే షట్టరు దిగేది, అతను ఉసూరుమంటూ కారుని నీడకి తిప్పేవాడు. అత్తగారి మోకాళ్ళ నొప్పులూ, షైని చదువూ, ఉద్యోగాలు సౌదీవాళ్ళకే అనే నితాఖత్ పేరు చెప్పి ఆఫీసులో ఎవరిని పంపేస్తారోనన్న అతని భయమూ, అన్నీ ఆ కారులోనే చెప్పుకున్నారు. ఇంట్లో ఉంటే అతనికి ఫోను, ఆమెకి వంట. వాళ్ళ కాపురం సగం మూసిన షట్టర్ల ముందే నడిచింది. ఈ దేశాన్ని ఎంత విసుక్కున్నా ఆ కాసేపంటే మాత్రం ఆమెకి ప్రాణం.

చప్పున అతని చెయ్యి పట్టుకుంది.

"అవి నింపకండి."

"అదేంటే? అంత దూరం వెళ్ళి ఊరికే కూర్చుంటామా?"

"కూర్చుందామండీ. ఆ తర్వాత ఇక్కడ సలా అయినప్పుడల్లా కారులో మీరొక్కరే కదా కూర్చునేది."

జాబేజ్ ఆ ఖాళీలని అలాగే ఉంచేశాడు. వాటికి తోడు ఫూజీ కొండని కూడా చెరిపేశాడు.