కగోషిమా బూడిద

కారు తుడవడం ఎలాగో ఒక జపాన్ ఆయన నాకు నేర్పించబోతే మొదట్లో ఒళ్ళు మండేది. నేను మస్తాన్ వలీ, కడప వాణ్ణి. అప్పటికే తొమ్మిదేళ్ళుగా సౌదీలో బండి తోలుతున్నాను. హఫర్ అల్ బాతిన్ ఎడారిలో దుమ్మంటే ఏమిటో నాకు తెలియదా? అయినా సమేషిమా గారు రోజూ పొద్దున్నే ఈకల బ్రష్ పట్టుకుని పికప్ దగ్గర తయారుగా ఉండేవాడు. "వలీ సాన్, తడిగుడ్డ వద్దు. ముందు పొడిగా దులపాలి. నీళ్ళు ఆ తర్వాత," అనేవాడు. సాన్ అంటే వాళ్ళలో గారు అన్నమాట. సరే సార్ అనేవాణ్ణి. ఆయన అటు తిరగ్గానే బకెట్ ఎత్తి గుమ్మరించేవాణ్ణి.

ఆయన నీటి పంపుల ఇంజనీరు. యాభై దాటిన మనిషి. ఊరు కగోషిమా. జపాన్‌కు దక్షిణపు కొసన ఉన్న ఒక రాష్ట్రానికి అది ముఖ్యపట్టణమట. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే సరిగ్గా ఒక మనిషికి సరిపోయేది. ఆ కాస్త భాషతోనే సైటుకు పోయే గంటన్నర సేపూ తన ఊరి ముచ్చట్లు చెప్పేవాడు.

సముద్రపు పాయకు ఇవతల ఊరు, అవతల నిప్పుల కొండ. మధ్య దూరం నాలుగు కిలోమీటర్లే. కొండ బూడిద కక్కుతూనే ఉంటుందట. టీవీలో వానా ఎండా చెప్పినట్టే బూడిద ఎటు పోతుందో కూడా చెబుతారట. ఊరివైపు గాలి మళ్ళితే ఆడవాళ్ళు బట్టలు లోపల ఆరేసుకుంటారు, జనం గొడుగులేసుకుని బజారుకు పోతారు. ఊడ్చిన బూడిద నింపడానికి మున్సిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ సంచులిస్తారు.

"అంత అవస్థ ఎందుకు సార్? ఊరు ఎత్తేసి ఇంకో చోట పెట్టుకోకూడదా?" అన్నానొకసారి.

ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వాక మొదలుపెట్టాడు. నూట ముప్పై ఏళ్ళ కింద ఇంగ్లీషు ఓడలొచ్చి ఫిరంగులతో ఆ ఊరిని తగలబెట్టాయట. రెండేళ్ళు తిరక్కుండా ఆ ఊరివాళ్ళే తమ కుర్రాళ్ళను దొంగచాటుగా ఓడెక్కించి ఇంగ్లండుకు చదువుకు పంపారట. కొట్టినవాడి దగ్గరే విద్య నేర్చుకోవాలని పంతం! ఆ తర్వాత ఇంకో పదేళ్ళకు సొంత ప్రభుత్వం మీదే తిరగబడి వేలమంది చచ్చిపోయారట. ఆనాటి తూటాలు తగిలిన గుంటలు ఒక రాతిగోడ నిండా ఉంటాయి, వాటిని పూడ్చనివ్వలేదు అన్నాడు.

"మహా మొండివాళ్ళు సార్ మీరు," అన్నాను.

"మీ కడపవాళ్ళో?" అన్నాడాయన నా బకెట్ వైపు చూసి. దొరికిపోయానని తెలిసి నేనూ నవ్వేశాను.

కువైట్ కోసం యుద్ధం వస్తుందని అందరికీ తెలిసిపోయాక, తొంభై ఒకటి జనవరిలో కంపెనీ జపాన్ వాళ్ళందరినీ రియాద్‌కు మార్చింది. బండి తోలేవాణ్ణి కనుక నేనూ వెళ్ళాను. మా తమ్ముడు దస్తగిరి మాత్రం హఫర్‌లోనే ఉండిపోయాడు. వాడు నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. వీసా పంపి వాణ్ణి రప్పించింది నేనే. పెళ్ళయిన ఏడాదికే వచ్చాడు, పుట్టిన కూతురిని ఫోటోలోనే చూసుకున్నాడు.

యుద్ధం మొదలైన ఆరో రోజు, లైట్లార్పుకుని వస్తున్న లారీని తప్పించబోతే వాడి ట్యాంకర్ తిరగబడింది. వాణ్ణి పనిలో పెట్టుకున్న కఫీల్ రియాద్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అప్పటికే సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి చేసేశారు. హఫర్ దారిలో మిలిటరీ బండ్లు తప్ప ఇంకేవీ పోనివ్వడం లేదు. నేను ఫోన్లో గోలగోలగా ఏడుస్తుంటే కఫీల్ పక్కనున్న ఖబరస్తాన్ కాపలాదారు, ఎవరో సుడానీ ముసలాయన, ఫోన్ తీసుకున్నాడు. "వెనక గోడ దగ్గరి వరస. రాయి మీద నీ తమ్ముడి పేరు రాసి పెట్టాను. వస్తే నీకు దొరుకుతాడు," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని రియాద్‌లో మూడు నెలలు బతికాను.

కడప నుంచి మా మరదలు రహమత్‌బీ జాబు రాయించింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. "బావా, ఆయన్ను మట్టి చేసింది మనోళ్ళు ఒక్కరూ చూడలేదంటాండారు. నేనెట్ల నమ్మేది? నాకు ఇంగేమీ వద్దు. ఆయన యాడుండాడో ఆ చోటు ఫోటో తీసి పంపు. పాపకు చూపిచ్చల్ల." ఆ జాబు నా చొక్కా జేబులోనే ఉండేది.

ఏప్రిల్‌లో మమ్మల్ని మళ్ళీ హఫర్‌కు పంపారు. యుద్ధంలో అంటుకున్న కువైట్ నూనె బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. అటు గాలి ఇటు మళ్ళిన రోజు పట్టపగలు లైట్లేసుకుని బండి తోలాల్సి వచ్చేది. నాలుగు చినుకులు పడితే నల్లగా పడేవి. సమేషిమా గారు క్యాంపు గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. వేలితో కిటికీ మీది మసి తీసి నలిపాడు. "ఇది మా బూడిద కాదు. మాది పొడి. దీనికి జిడ్డు ఉంది," అన్నాడు. మర్నాటికి క్యాంపులో అందరికీ తలా ఒక సంచీ ఇచ్చి ఊడవమన్నాడు. ఊరు గుర్తొచ్చిందేమో, ఆ రోజు ఆయన సరిగా భోంచేయలేదు.

మొదటి శుక్రవారమే ఖబరస్తాన్‌కు బయల్దేరాను. నేనూ వస్తానని ఆయన బండెక్కాడు. ముస్లిం కాడు కనుక లోపలికి రాకుండా గోడ బయటే ఆగిపోయాడు. సుడానీ ముసలాయన నెల కిందటే పని మానేసి దేశం వెళ్ళిపోయాడని చెప్పారు. బలదియా అనే అక్కడి మున్సిపాలిటీ రిజిస్టర్‌లో తమ్ముడి పేరుంది, తేదీ ఉంది. చోటు మాత్రం లేదు. సరే, పేరు రాసి ఉందన్నాడు కదా, అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

వెనక గోడ దగ్గర వరసలో పదకొండు ఖబర్లు. తలవైపు ఒక్కొక్క రాయి. పదకొండు రాళ్ళూ మసి పట్టి నల్లగా ఉన్నాయి.

మా కడపలో రాయి మీద పేరు రాశారంటే ఉలితో చెక్కారనే అర్థం. మా నాయన సమాధి నల్ల బండ. దుమ్ము పట్టినప్పుడు చెంబెడు నీళ్ళు పోస్తే చాలు, అక్షరాలు తేటగా పైకి లేచేవి. చిన్నప్పుడు శుక్రవారం శుక్రవారం నేనూ దస్తగిరీ పోటీపడి పోసేవాళ్ళం. నేను ఇంకేమీ ఆలోచించలేదు. బండిలోంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చి ఒక కొస నుంచి మొదలుపెట్టాను. పోయడం, చేత్తో గబగబా రుద్దడం, అక్షరం కనబడకపోతే తర్వాతి దానికి పోవడం.

గోడ అవతలి నుంచి సమేషిమా గారు చేతులూపుతూ అరుస్తున్నాడు. "వలీ సాన్! నీళ్ళు వద్దు! నీళ్ళు వద్దు!"

ఆ క్యాన్ రేడియేటర్ కోసం పెట్టుకున్నది. ఎడారి దారిలో అవసరమని ఆయన దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. "నా తమ్ముడి కంటే నీ రేడియేటర్ ఎక్కువైందా?" అని తెలుగులో అరిచి, ఇంకా ఎక్కువ పోశాను. పదకొండూ అయిపోయాయి. ఒక్క రాయి మీదా అక్షరం లేదు.

అప్పుడు చూశాను కాళ్ళ దగ్గర. అన్ని రాళ్ళ నీళ్ళూ కలిసి పల్లానికి నల్లగా పారుతున్నాయి. అందులో సన్నగా నీలంరంగు చార ఒకటి. నేను చూస్తుండగానే అది నలుపులో కలిసిపోయింది.

గుంతలు తవ్వే పాకిస్తానీ ఒకతను పార భుజాన వేసుకుని వచ్చాడు. అక్కడ పెయింట్‌తో గానీ ఉలితో గానీ పేరు రాయనివ్వరట. ముసలాయన జాలిపడి, మీవాళ్ళు వచ్చేదాకా ఉంటుందని రాశాడట. "చాక్ సే లిఖా థా, భాయ్. నీలా చాక్," అన్నాడు. ఏ రాయి మీద రాశాడో తనకు తెలియదన్నాడు.

పొడిగా మెల్లగా దులిపి ఉంటే పైపై మసి రాలేది, కింది సుద్దముక్క రాత కాస్తయినా కనబడేది. రోజూ పొద్దున చెప్పించుకున్న మాటే! నా తమ్ముణ్ణి ట్యాంకర్ ఒకసారి చంపింది, నేను రెండోసారి పోగొట్టుకున్నాను. అక్కడే మట్టిలో కూలబడ్డాను.

బయటికొచ్చాక సమేషిమా గారు నా చేతిలోంచి బండి తాళాలు తీసుకున్నాడు. తిరుగు దారిలో బండి ఆయనే నడిపాడు. సగం దారిలో పక్కకు ఆపి, తన తల్లి సంగతి చెప్పాడు. నలభై అయిదు జూన్‌లో అమెరికా విమానాలు కగోషిమాను ఒక్క రాత్రిలో కాల్చేశాయట. ఆయనకు ఏడేళ్ళు. అమ్మా అక్కా కాలువ వైపు పరిగెత్తారు, మళ్ళీ కనబడలేదు. మర్నాడు ఎవరి ఎముకలు ఎవరివో ఎవరూ చెప్పలేకపోయారు. తండ్రి పిడికెడు మన్ను తెచ్చి పూడ్చి రాయి నిలిపాడు.

"మా ఊళ్ళో సమాధులకు పైకప్పు వేస్తారు, బూడిద పడకుండా," అన్నాడు. "అయినా పడుతుంది. ఆడవాళ్ళు రోజూ వెళ్ళి దులిపి, కొత్త పూలు పెడతారు. పక్క సమాధికి ఎవరూ లేకపోతే దాన్నీ దులుపుతారు. మా అమ్మను కూడా ఎక్కడో ఎవరో దులుపుతున్నారని నాన్న అనేవాడు. నేను ఇప్పటికీ అదే నమ్ముకుని ఉన్నాను." ఆ పూట ఈకల బ్రష్ నా చేతిలో పెట్టి, ఇక నీ దగ్గరే ఉంచుకోమన్నాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వెళ్ళి పదకొండు రాళ్ళూ పొడిగా దులిపేవాణ్ణి. పదకొండు చోట్లా నిలబడి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదివేవాణ్ణి. అంతవరకూ బాగానే ఉంది. కానీ రహమత్‌బీకి నిజం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కాపలావాళ్ళు చూడకుండా, సమేషిమా గారి కెమెరాతో అయిదో రాయిని ఫోటో తీసి పంపాను. "ఇదేనమ్మా," అని రాశాను. అయిదోదే ఎందుకంటే దాని పక్కన ఒక చిన్న ముళ్ళమొక్క ఉంది. చూడ్డానికి కాస్త బాగుంటుందని.

తొంభై మూడు ఆగస్టులో కగోషిమాకు వరదలొచ్చాయి. నూట యాభై ఏళ్ళ నాటి రాతివంతెనలు కొట్టుకుపోయాయని, అక్కడ పంపులు తెలిసినవాళ్ళు కావాలని చెప్పి సమేషిమా గారు వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినతను మంచివాడే. బండిలో మాట్లాడేవాడు కాదు. గంటన్నర దారి నాకు పది గంటలయ్యేది. క్యాంపులో తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో కూడా లెక్క మరిచిపోయాను.

తొంభై అయిదులో రహమత్‌బీ వాళ్ళన్నతో కలిసి ఉమ్రా యాత్రకు వచ్చింది. సెలవు పెట్టి, రెండు బస్సులు మారి మక్కా వెళ్ళాను. హోటల్ కింద మెట్ల మీద కూర్చున్నాం. వాళ్ళన్న ఎదురుగా దుకాణంలో జపం చేసుకునే తస్బీలు బేరమాడుతున్నాడు. పెళ్ళిలో చూసిన పిల్ల కాదు. ముఖం ఆరిపోయింది.

"బావా, ఈన్నుంచి ఆ ఊరు ఎంత దూరం?"

"పదమూడు వందల కిలోమీటర్ల పైన ఉంటాదిమ్మా. మీ ఉమ్రా వీసాతో ఆడికి పోనీరు. పోయినా ఆడోళ్ళను ఖబరస్తాన్ లోపలికి రానీరు."

"తెలుసు. అన్న చెప్పినాడు." కొంగు సర్దుకుంది. "పాప పొద్దున్నే లేసి ఆ ఫోటోకు సలాం చెప్తాది బావా. దినామూ. నేనైతే రాత్రి ఇషా నమాజు అయినంక దాన్ని ముందర పెట్టుకోని ఫాతిహా చదువుతా. ఒక్క దినం తప్పలేదు. ఆ రాయి పక్కన ఒక చిన్న చెట్టుండాదే, ఇప్పుడు పెద్దదైందా?"

పెద్దదయిందమ్మా అంటే ఏం పోయేది? ఆ పిల్ల సంతోషంగా ఇంటికి పోయేది. కానీ కాబా చూసి వచ్చిన కళ్ళతో నా వైపే చూస్తోంది. నావల్ల కాలేదు. సుద్దముక్క, నీళ్ళు, నీలంరంగు చార, అయిదో రాయి, అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. దారినపోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గనిపించలేదు.

ఆమె కేకలు పెడుతుందనుకున్నాను. పెట్టి ఉంటే బాగుండేది.

"పదకొండుమందికీ చదువుతాండావా?" అని అడిగింది.

"చదువుతానమ్మా. ప్రతి శుక్రవారం. ఒక్కర్నీ ఇడ్సలేదు."

"అయితే నీది ఆయనకు అందింది," అంది. "నాలుగేండ్లూ నేనే ఎవరికో చదివినా."

"అట్లనుకోవద్దు తల్లీ. నువ్వు ఎవురికి చదివినావో అల్లాకు తెలీదా?"

"అల్లాకు తెలుసు బావా," అంది రహమత్‌బీ. "నాకు తెలీదు గదా. నేను ఆ రాయితో ఎన్ని మాట్లాడినానో. మొగునితో చెప్పుకునేవన్నీ చెప్పినా. ఎవురో పరాయి మనిషికి చెప్పినానా అన్నీ?"

వాళ్ళన్న తస్బీలు కొనుక్కుని వచ్చాడు. ఆమె ముఖం మీదికి కొంగు లాక్కుని లేచింది. మర్నాడు పొద్దున వాళ్ళ బస్సు మదీనాకు బయల్దేరింది. సాగనంపడానికి రమ్మని ఆమె అనలేదు, నేను వెళ్ళలేదు.