సంగమ్మ కొట్టించిన కొమ్మ

మొగుడు మాణిక్ చింతచెట్టు మీద నుంచి పడి చనిపోయిన రోజే ఆ చెట్టును కొట్టించాలని సంగమ్మ అనుకుంది. అనుకున్న పని చేయడానికి ఏడేళ్లు పట్టింది.

చెట్టు మొగుడంపల్లి దారిలో వాళ్ల చేను గట్టు మీద ఉంది. డెబ్బై రెండు కరువులో జొన్న గింజ దొరక్క ఊరంతా అల్లాడినప్పుడు సంగమ్మ ఆ చెట్టు చిగురే కోసి ఉడికించింది. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, దంచి అంబలి కాచింది. ఆ ఏడు గడిచిందంటే ఆ చెట్టు చలవే. అప్పటి నుంచి మాణిక్‌కు దాని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. కాయ రాల్చడానికి కూలివాళ్లను పిలిచేవాడు కాదు. వాళ్లు కట్టెలతో బాది లేత కొమ్మలు విరగ్గొడతారని తానే ఎక్కి, కొమ్మ కొమ్మా చేత్తో ఊపి రాల్చేవాడు.

డెబ్బై ఆరు మాఘంలో పైకొమ్మ ఒకటి అతని కాలి కిందే విరిగింది. దవాఖానకని బండి కట్టారు కానీ, బండి జహీరాబాద్ సడక్ ఎక్కకముందే ప్రాణం పోయింది.

ఆ తర్వాత సంగమ్మ ఆ నీడలో కాలు పెట్టలేదు. ఎండాకాలం నడినెత్తిన పొద్దు మండుతున్నా అవతలి గట్టు వేప దాకా నడిచిపోయి సద్ది తినేది. అత్త నారమ్మ మాత్రం నెల మాసికాలు ముగిసిన కొన్నాళ్లకు ఆ చింత కిందే కూర్చుని తినడం మొదలుపెట్టింది. కొడుకును మింగిన చెట్టు కింద తల్లికి ముద్ద ఎట్లా దిగుతుందో సంగమ్మకు అంతుపట్టలేదు. అడగనూ లేదు. ఒకే ఇల్లు, ఒకే చేను, మధ్యాహ్నం మాత్రం చెరో చెట్టు.

బిడ్డ ఇందిరమ్మను రాయికోడ్‌లో ఇచ్చాక చేనుపని అంతా సంగమ్మ మీదే పడింది. నడుము పట్టేసేది. మోకాళ్లు సలిపేవి. వేప దాకా నడవడమే ఒక పని అయిపోయింది. నడిచినప్పుడల్లా ఆ చింత కళ్లబడేది. ఎనభై మూడు ఎండాకాలంలో ఇక దాన్ని చూసే ఓపిక లేదనిపించి, జహీరాబాద్ సంతకు పోయినప్పుడు చెన్నబసప్పకు చెప్పి వచ్చింది. అతను చెట్లు కొట్టి ఇటుక బట్టీలకు వేసేవాడు. విషయం చెబితే నారమ్మ వాదన పెట్టుకోలేదు. నీ ఇష్టం అని మాత్రం అంది.

చెన్నబసప్ప తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గొడ్డలి, రంపంతో పొద్దున్నే వచ్చాడు. తూర్పు వైపు పెద్దకొమ్మ పడగొట్టేసరికే మధ్యాహ్నమైంది. అప్పుడు నారమ్మ సద్దిమూట పట్టుకుని వచ్చింది. తానెప్పుడూ కూర్చునే చోట ఎండ పడుతోంది. ఒక్క క్షణం చూసి, చెట్టు చుట్టూ తిరిగి, పడమటి వైపు మిగిలిన నీడలో కొంగు పరుచుకుని కూర్చుంది.

అవ్వ అక్కడుంటే గొడ్డలి వెయ్యలేనని చెన్నబసప్ప పక్కకు తప్పుకున్నాడు. అత్తను లేపడానికి సంగమ్మే వెళ్లింది. నీడలోకి అడుగుపెట్టిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

"లే అత్తా. నీ కొడుకును తిన్నది ఇది. దీని కింద నీకు బువ్వ ఎట్ల దిగుతది?"

నారమ్మ రొట్టె తుంచడం ఆపింది.

"నేను తిట్టలేదనుకున్నవా? దినాం పొద్దుగాల అచ్చి, దీన్ని నోటికొచ్చినట్టు తిట్టి, దీని మీద మన్ను పోసి పోయేదాన్ని. ఓ దినం తిట్టి తిట్టి యాష్టకొచ్చి కూసున్న. కూసుంటె సల్లగుండె. గంతే సంగీ. మాఫ్ ఏం జెయ్యలె."

సంగమ్మ అత్త పక్కనే చతికిలబడింది. అక్కణ్ణుంచే చెన్నబసప్పను పిలిచి, ఇక చాలు, కొట్టిన కొమ్మ తీసుకుని పొమ్మని చెప్పింది. పూట చెడిందని అతను గొణిగాడు. సంగమ్మ అన్నదమ్ములిద్దరికీ రొట్టె, పప్పు పెట్టింది. వాళ్లు కొమ్మను బండికెత్తుకుని వెళ్లిపోయారు.

ఆ పొద్దు అత్తాకోడళ్లు మళ్లీ చేనుపనికి లేవలేదు. మాణిక్ చిన్నప్పుడు చీమలు కుట్టి ఏడ్చుకుంటూ చెట్టు దిగిన ముచ్చట ఒకటి నారమ్మ చెప్పింది. సంగమ్మ వింటూ వింటూ కూర్చున్న చోటే కునుకు తీసింది.

ఆ తర్వాత కాయ దానంతటదే రాలితే ఊళ్లోవాళ్లు ఏరుకున్నారు. ఎక్కుతామని వచ్చినవాళ్లను సంగమ్మ ఎక్కనివ్వలేదు. తన పులుసులోకి చింతపండు మాత్రం సంతలోనే తెచ్చుకునేది. మధ్యాహ్నాలు అత్తా తానూ ఆ చింత కింద ఒక్కచోటే సద్ది విప్పేవాళ్లు. పెద్దగా మాటలు ఉండేవి కావు. ఇద్దరికీ అలుపే ఎక్కువ.